రెండు పొరల డిస్కు

కొత్తచెరువులో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో మా ఆయన ఫొటోలు తీసేవాడు. వెనక గదిలో నేను కంప్యూటర్ దగ్గర కూర్చుని మిక్సింగ్ చేసేదాన్ని. మిక్సింగ్ అంటే, పెళ్లిలోనో పుట్టువెంట్రుకల్లోనో తీసిన టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కరలేనివి కోసేసి, పాటలు కలిపి, డీవీడీ రాసివ్వడం. అనంతపురంలో మూడు నెలలు కోర్సు చేసి నేర్చుకున్నాను. మా బజారులో ఆ పని తెలిసిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అప్పటికింకా టేపు కెమెరాలే నడుస్తున్నాయి. ఒక ఎండాకాలం ఎన్నికలొచ్చాయి. గొడవలు జరుగుతాయని అనుమానమున్న ఊళ్లలో పోలింగ్ బూత్ లోపల వీడియో తీయించేవాళ్లు. ఒక బూత్ మా ఆయనకు ఇచ్చారు. అది ఏ ఊరో చెప్పను. మా మండలం కాదు, బస్సు దిగి రెండు మైళ్లు నడవాల్సిన ఊరు. ఆ రోజు తెల్లవారకముందే కెమెరా, నాలుగు టేపులు, మూడు బ్యాటరీలు సంచిలో పెట్టుకుని బయలుదేరాడు. చీకటి పడే వేళకు తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని, టేపులు నా చేతిలో పెట్టి, అన్నం తినకుండానే పడుకున్నాడు. పొద్దంతా బూత్ పెట్టిన రేకుల గదిలో నిలబడి అలిసిపోయాడు కాబోలు అనుకున్నాను.

డిస్కు విషయంలో అనంతపురం ఎన్నికల ఆఫీసు వాళ్లు పెట్టిన షరతు ఒకటుంది. ఒక బూత్‌కు ఒకే డిస్కు ఇవ్వాలి. దాన్ని కవర్లో పెట్టి, సీలు వేసి దాచుకుంటారు. పొద్దంతా కొంతసేపు తీసి కొంతసేపు ఆపినా మావి నాలుగు టేపులు, అంటే నాలుగు గంటల బొమ్మ. మామూలు డీవీడీలో రెండు గంటలదైతే చక్కగా పడుతుంది. నాలుగు గంటలు కుక్కితే పట్టక పోదు గానీ, బొమ్మ అలుక్కుపోయి ముఖాలు చదరాలు చదరాలుగా విరిగిపోతాయి. నా చేత్తో అట్లాంటి డిస్కు బయటికి పోవడం నాకిష్టం లేదు. డ్యూయల్ లేయర్ డిస్కులని వచ్చాయని కోర్సులో విన్నాను. అనంతపురం పోయి, కంప్యూటర్ సామాన్లు అమ్మే అంగట్లో అడిగాను.

అంగడాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అవెందుకమ్మా నీకు? అదొక్కటి కొనే దుడ్లకు మామూలువి ఏడెనిమిది వస్తాయి."

"నాలుగు గంటలది ఒక్కదాంట్లోనే పట్టల్లన్నా."

"పడతాది. కానీ అన్నింట్లో ఆడదు. దీంట్లో రెండు పొరలుంటాయి, ఒకదాని మీద ఒకటి. మొదటి పొర అయిపోతానే డ్రైవు రెండో పొర మీదికి చూపు మార్చుకోవల్ల. కొత్త డ్రైవులు మార్చుకుంటాయి. పాతవాటికి చేతకాదు, సగంలో నిలబడిపోతాయి. నీ డ్రైవులో రాసింది నీ డ్రైవులో బాగానే ఆడతాది. అది చూసి నమ్మొద్దు."

అంత వివరంగా చెప్పాడు. అంతా విని, రెండు డిస్కులు కొనుక్కుని బస్సెక్కాను.

టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు బొమ్మంతా కళ్ల ముందు నడుస్తూనే ఉంటుంది. బొమ్మ మూలన టైము పడాలని ఆఫీసు వాళ్లు ముందే చెప్పారు. పొద్దున ముసలివాళ్లు, తర్వాత చంకన పిల్లలతో ఆడవాళ్లు, వేలికి సిరా, అట్టపెట్టె చాటున ఓటు. మూడో టేపు చివర్లో టైము రెండు గంటల యాభై నిమిషాలు చూపిస్తోంది. మరుక్షణం అది మూడు ఇరవై అయిదుకు దూకింది. అంతకుముందు ఎక్కడా పది నిమిషాలకు మించి ఎడం లేదు. గది అదే. బల్ల మాత్రం కొద్దిగా జరిగి ఉంది. బల్ల వెనక కూర్చున్న పోలింగ్ ఆఫీసరు తల ఎత్తడం లేదు. పొద్దుటి నుంచి కిటికీ పక్కన ఒక పార్టీ ఏజెంటుగా కూర్చుని, చేతిలోని జాబితాలో పేర్లు కొట్టేస్తున్న పెద్దాయన అక్కడ లేడు. ఆయన కుర్చీ ఉంది. కుర్చీ కింద ఆయన చెప్పులు కూడా ఉన్నాయి.

నేను టేపు ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. మా ఆయన బ్యాటరీ మార్చుకున్నాడేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. బ్యాటరీ మార్చడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టదని నాకు తెలుసు. ముందు గదిలో ఆయన ఎవరికో పాస్‌పోర్ట్ ఫొటో తీస్తున్నాడు. "గడ్డం పైకెత్తన్నా" అంటున్న మాట వినిపించింది. అడుగుదామని లేచి, మళ్లీ కూర్చున్నాను.

మొదటి డిస్కు రాస్తుండగా కరెంటు పోయింది. మా యూపీఎస్ పది నిమిషాలు మించి ఆగదు. డిస్కు పాడైపోయింది. మర్నాడు పొద్దున కరెంటు ఉండే వేళ చూసుకుని, ఫ్యాను కూడా ఆపేసి, రెండోది రాశాను. ముక్కాలు గంట పట్టింది. నా కంప్యూటర్‌లోనే పెట్టి చూశాను. మొదటి నుంచి చివరిదాకా ఆడింది. ముఖాలు అద్దంలో చూసినట్లున్నాయి. ఆయన దాన్ని తీసుకుపోయి ఆఫీసులో ఇచ్చి, సంతకం పెట్టి వచ్చాడు.

అవి పెళ్లిళ్ల రోజులు. ఆ నాలుగు టేపుల మీదే మళ్లీ ఒక గృహప్రవేశమూ ఒక పెళ్లీ తీశాడు. కంప్యూటర్‌లో చోటు లేక పోలింగ్ ఫైళ్లన్నీ నేను తుడిచేశాను. అది మా రివాజు. ఇచ్చిన పని ఇచ్చాక ఏదీ ఉంచుకోం.

నాలుగు రోజులకు ఆఫీసు నుంచి గుమాస్తా ఫోను చేశాడు. మా ఆయన షూటింగ్‌కు పోయి ఉంటే నేనే ఎత్తాను.

"ఏమమ్మా, మీరిచ్చిన డిస్కు మధ్యాహ్నం దాకా ఆడి నిలిచిపోతాంది. రెండు కంప్యూటర్లలో చూసినాం. అంతే."

"అది రెండు పొరల డిస్కు సార్. కొత్త డ్రైవులో పెడితే ఆడతాది."

"అదంతా నాకు తెలీదు. ఆ బూత్ మీద కంప్లైంట్ వచ్చిండాది. మూడు గంటలప్పుడు ఎవరో గుంపుగా లోపలికి దూరినారంట. సరిగ్గా ఆ టైముది లేకుండా ఇస్తే మేమేమనుకోవల్ల? కావాలని తీసేసినారని రాస్తాం. కేసు పెడతారు. ఎల్లుండిలోగా వచ్చి చూపించండి."

"టేపుల్లోంచి మళ్లీ రాసి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. టేపుల్లో ఇప్పుడు ఏముందో గుర్తొచ్చింది.

"వేరే డిస్కు తెస్తే ఒప్పుకోరు. మళ్లీ సీలేసి పెట్టినాం, ఆ డిస్కే ఆడల్ల" అని ఫోను పెట్టేశాడు.

నేను కంప్యూటర్‌లో తుడిచేసిన చోటంతా వెతికాను. ఏమీ మిగల్లేదు. ప్రపంచంలో ఆ నాలుగు గంటలూ ఉన్నది ఆ ఒక్క డిస్కులో. దాన్ని రాసింది నేను. అంగడాయన నమ్మొద్దన్న డ్రైవును నమ్మింది నేను. సాయంత్రం ఆయన వచ్చాక చెబితే, "పాత కంప్యూటర్లు, ఆడలేదు, అంతే గదా" అని మాత్రం అన్నాడు. ఆయన ముఖంలో కోపం కనిపిస్తుందేమో అని చూశాను. కోపం లేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

మర్నాడు పన్నెండు గంటలప్పుడు స్టూడియో ముందు జీపు ఆగింది. మా ఆయన మళ్లీ ఊళ్లో లేడు. ఇద్దరు దిగారు. ఒకాయన పెద్దవాడు, ఇస్త్రీ చొక్కా. రెండో అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, ఎదురుగా ఉన్న హోటల్ వైపు చెయ్యి ఊపి మూడు టీలు చెప్పాడు. మూడోది నాకు.

"తాగమ్మా. ఎండ ఎక్కువుండాది."

గ్లాసు పట్టుకున్నాను. ఒక్క గుటకా తాగకుండా బల్ల మీద పెట్టేశాను.

"డిస్కు ఆడలేదంట గదా."

ఆ సంగతి ఆయన దాకా ఎట్లా చేరిందో అడిగే ధైర్యం నాకు లేదు. "పాత కంప్యూటర్లన్నా. అందుకే ఆడలేదు."

"మంచిదే. ఆడనిది ఆడనట్లే ఉండనీ. టేపులు యాడుండాయి?"

"వాటి మీద మళ్లీ వేరేది తీసేసినామన్నా."

"చూపీ."

మూడో టేపు తెచ్చి కెమెరాలో పెట్టి ఇచ్చాను. అందులో గృహప్రవేశం ఉంది. ఆవు గడప దాటనని మొరాయిస్తుంటే నలుగురు కలిసి తోస్తున్నారు. ఆయన ఆ చిన్న తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవు లోపలికి పోయింది, పంతులు నీళ్లు చల్లాడు, ఆడవాళ్లు పాలు పొంగించారు. చివరిదాకా చూశాడు. గుమ్మంలో నిలబడ్డ అతను నా వైపే చూస్తున్నాడు. నేను గోడ మీద ఫొటోల వైపు చూస్తూ నిలబడ్డాను.

టేపు అయిపోయాక ఇస్త్రీ చొక్కా ఆయన కెమెరా బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. "మీ ఆయన మంచోడమ్మా. చెప్తే వింటాడు" అని లేచాడు.

జీపు పోయిన తర్వాత షట్టరు సగం దించి, వెనక గదిలో నేల మీద కూర్చున్నాను. చెప్తే వింటాడు అన్న మాట, రెండు యాభై నుంచి మూడు ఇరవై అయిదుకు దూకిన ఆ అంకెలు, ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలిచాయి. అప్పటిదాకా నా భయమంతా డిస్కు ఆడదేమోనని. ఇప్పుడు ఆడి ఆ ఎడం బయటపడుతుందేమోనని కూడా భయం పట్టుకుంది.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను.

"వాళ్లు చెప్పినట్లే ఆడనట్లే ఉండనీ" అన్నాడు.

"ఉండనిస్తే కేసు పెడతామన్నారు. నేను తీసేసినానని రాస్తారు. నేను తీసేయలేదు."

"నువ్వు తీసేయలేదని నాకు తెలుసు."

"నీకు తెలిస్తే చాల్దు గదా. మన డ్రైవులో ఆడతాది. కంప్యూటర్‌నే తీసుకుపోదాం."

ఆయన నా వైపు చూశాడు. తెల్లారి నేను వైర్లు విప్పుతుంటే వచ్చి పక్కన కూర్చుని, సీపీయూను పాత దుప్పట్లో చుట్టాడు.

బస్టాండులో తెలిసినవాళ్లు అడిగారు, యాడికని. రిపేరికని చెప్పాం. బస్సులో దాన్ని కింద పెడితే కుదుపులకు దెబ్బతింటుందని నేను ఒళ్లో పెట్టుకున్నాను. దుప్పటి లోంచి ఇనుము వేడి తొడలకు తగులుతోంది. బయట దున్నని చేలు, ఎర్రమన్ను, రాళ్లగుట్టలు. వెనక ఏ బండి హారన్ వినిపించినా నేను తల తిప్పేదాన్ని. ధర్మవరం దాటాక ఒక జీపు మా బస్సును దాటి ముందుకు పోయింది. అదేనా కాదా తేల్చుకోలేకపోయాను. ఆయన కూడా చూశాడు.

కొంతదూరం పోయాక నేనే అన్నాను. "ఆ అరగంట సంగతి అడుగుతారు."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నువ్వు చూసినావా?"

"ఎక్కించింది నేనే గదా."

"అడగలేదే మరి."

"నువ్వే చెప్తావనుకున్నా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. అనంతపురం వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు.

ఆఫీసులో గుమాస్తా మమ్మల్ని ఒక మేడం గదిలోకి తీసుకుపోయాడు. ఆమె కోస్తా వైపు మనిషి, మాటను బట్టి తెలిసింది. దుప్పటి విప్పుతుంటే ఆశ్చర్యపోయింది. వాళ్ల మానిటర్, కీబోర్డు తగిలించి స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. రెండోసారి వేశాను. నల్లగానే ఉంది. గుమాస్తా గట్టిగా నిట్టూర్చాడు. మూత విప్పి, బస్సు కుదుపులకు దేనికైనా పట్టు వదిలిందేమో అని ఒక్కొక్కటే వేలితో నొక్కుకుంటూ వచ్చాను. ఎక్కడో చిన్నగా టక్కుమంది. మూడోసారి వేస్తే తెర వెలిగింది.

మేడం తన చేత్తోనే సీలు చింపి డిస్కు ఇచ్చింది. బొమ్మ వచ్చింది. ఆమె ముందుకు జరుపుతూ చూసింది. పదకొండు, పన్నెండు, పన్నెండున్నర. ఒక ఆవిడ వేలు చాచి సిరా పూయించుకుంటోంది. అక్కడ బొమ్మ నిలిచిపోయింది.

"ఇదిగో, ఇక్కడే" అన్నాడు గుమాస్తా.

డ్రైవు లోపల ఏదో గీకినట్లు చప్పుడైంది. ఆ ఆవిడ వేలు అట్లాగే గాల్లో ఉంది. మూడు సెకండ్లో నాలుగు సెకండ్లో అయ్యుంటుంది. చప్పుడు ఆగింది. ఆవిడ వేలు వెనక్కి తీసుకుని, పమిట సర్దుకుని, అట్టపెట్టె వైపు నడిచింది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకున్నాను. ఇంకా అసలు చోటు రాలేదు.

మేడం ఈసారి ముందుకు జరపకుండా చూడసాగింది. ఆ గదిలో మేం నలుగురం ఒక పోలింగ్ గదిని చూస్తూ కూర్చున్నాం. ఒకటిన్నర. రెండు. రెండు నలభై. కిటికీ పక్కన పెద్దాయన పేర్లు కొట్టేస్తూనే ఉన్నాడు. ఆయన్ను లేచి పొమ్మని చెప్పాలనిపించింది నాకు. రెండు యాభై. మూడు ఇరవై అయిదు.

మేడం ఆపింది. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. తర్వాత నన్ను అడిగింది. "మీరు కోశారా?"

"లేదు మేడం" అని నేను అనేలోపే ఆయన మాట్లాడాడు.

"ఆపింది నేను మేడం. ఆయమ్మకు ఏం తెలీదు."

"ఎందుకు ఆపారు?"

"ఆపమన్నారు."

"ఎవరు?"

"చూస్తే గుర్తుపడతానేమో. పేరు తెలీదు."

ఆమె ఆయన వైపు కొంతసేపు చూసింది. ఆ పేరు ఆయనకు తెలుసని ఆమెకూ అర్థమైందనుకుంటాను. ఒక తెల్లకాగితం జరిపి, "ఆ మాటే రాసివ్వండి" అంది. ఆయన పెన్ను పట్టుకున్నాడు గానీ అక్షరం పడలేదు. నేను తీసుకుని రాశాను. మధ్యాహ్నం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఇతరులు బెదిరించి ఆపమన్నందువల్ల కెమెరా ఆపడమైనది అని. ఆయన సంతకం పెట్టాడు. సంతకం ఆయనది కానట్లు వంకరగా వచ్చింది.

మేం సీపీయూను మళ్లీ దుప్పట్లో చుడుతుంటే మేడం అంది. "వచ్చినవాటిలో మనుషుల ముఖాలు కనపడేది ఈ ఒక్క డిస్కులోనేనమ్మా. మిగతా అందరూ మామూలు డిస్కులో కుక్కి ఇచ్చారు. ఎవరు ఎవరో తెలియదు." మెచ్చుకుందో జాలిపడిందో నాకు తెలియలేదు.

ఆ కాగితం ఎటు పోయిందో మాకు తెలియదు. ఓట్ల లెక్కింపు రోజున గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా ఎంత ఎక్కువగా వచ్చిందంటే, ఆ ఊరి ఓట్లన్నీ తీసేసినా ఫలితం మారేది కాదు. ఇక ఆ బూత్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం బాగానే ఉన్నాడని, ఆ ఊరివాళ్లెవరో ఫొటోకు వస్తే మాటల్లో కదిపి తెలుసుకున్నాను. ఆ రోజు ఆయన్ను బయటికి లాక్కుపోయి, పొద్దు గూకేదాకా ఒక గదిలో కూర్చోబెట్టారట.

మాకు మాత్రం భయం పోలేదు. ఎవరికైనా కాగితం చేరిందేమో, ఎప్పుడైనా వస్తారేమో అని. నేను కంప్యూటర్ బల్లను వీధి కనపడేట్లు తిప్పుకున్నాను. బజార్లో జీపు చప్పుడైతే చేతిలో పని ఆగిపోయేది. ఆయన ఏ ఊళ్లో షూటింగ్ ఉన్నా గంటకోసారి ఫోను చేసేవాడు. ఏం మాట్లాడేది ఉండేది కాదు. "షాపులోనే ఉండావా?" అనేవాడు, "ఉండా" అంటే పెట్టేసేవాడు.

మూడు నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గిరాకీ లేదు. ఆ ఏడు వానలు కూడా లేవు. ఆయన ముందు గదిలో కూర్చుని మెత్తటి గుడ్డతో లెన్సు తుడుస్తున్నాడు. నేను ఏమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ దినం బూత్‌లోకొచ్చిన ఆయప్ప నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పక్కకొచ్చి భుజం మీద చెయ్యేసినాడు. నీ పెండ్లాం కొత్తచెరువులో షాపులో ఒక్కతే ఉంటాది గదన్నా అని అడిగినాడు. అంతే అడిగినాడు. నేను ఆపేసినా."

నేను వెనక గది గుమ్మంలో నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కా పెద్దాయన నాకు టీ తెప్పించక ముందే, నన్ను చూడక ముందే, నేనున్న చోటు వాళ్లకు తెలుసునన్నమాట. ఆయన ఆ సంగతి మనసులో పెట్టుకుని, రోజూ నన్ను షాపులో వదిలి ఊళ్లకు పోయి వస్తున్నాడు.

"ముందే చెప్పింటే నేను షాపు తీసిండేదాన్ని కాదు గదా" అన్నాను.

"అందుకే చెప్పలేదు" అన్నాడాయన, లెన్సుకు మూత పెడుతూ.